కంప్యూటరులో వెదకులాట మందగించుట: కారణములు, చికిత్సలు, అపాయములు

బనగానపల్లె సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు పనిమీద వచ్చిన రైతు, తన తండ్రి నాటి విక్రయ దస్తావేజు సంగతి తెలియగోరి దానిని వ్రాసిన లేఖరి యొద్దకు పోయినప్పుడు, ఆ లేఖరి మొట్టమొదట చేయు పని తన కంప్యూటరులోని వెదకు గడిలో ఆ రైతు పేరును గాని సర్వే నెంబరును గాని కొట్టుటయే. ఏండ్ల తరబడి వ్రాసిన అగ్రిమెంట్లు, భాగపరిష్కార పత్రములు, వీలునామాలు, అఫిడవిట్లు, వానితోపాటు పెండ్లిపత్రికలు, కరపత్రములు, ఎవరెవరివో ఆధారు నకళ్లు, అన్నియు ఆ ఒక్క యంత్రమునందే యుండును. పేరు కొట్టినంతనే ఫైలు కనబడిన పక్షమున ఆ వెనుక జరిగిన పనిని గూర్చి ఎవరును ఆలోచింపరు. కనబడక, పై గడిలో పచ్చని గీత మెల్లమెల్లగా ప్రాకి సగములో నిలిచిపోయి, యెదుట నలుగురు కక్షిదారులు కాచుకొని కూర్చుండిన నాడు మాత్రము, చేతనున్న ఫోనులో ఈ జాడ్యమునకు మందు వెదకుట ఆరంభమగును. ఆ మాంద్యమునకు నిజమైన కారణములెవ్వి, చికిత్సలుగా చెప్పబడుచున్న వానిలో ఏవి పనికివచ్చును, ఏవి వ్యాధికంటె భయంకరములు అను ప్రశ్నను సమగ్రముగా పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

సూచిక యనగా నేమియో రిజిస్ట్రేషను శాఖతో సంబంధమున్న మన ప్రాంతీయులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి స్థిరాస్తి దస్తావేజులు ఒకటవ పుస్తకమునందు నకలగును. ఆ పుస్తకమునుండి ఎత్తి వ్రాసిన ఒకటవ ఇండెక్సులో వ్రాసియిచ్చినవారి పేర్లును వ్రాయించుకొన్నవారి పేర్లును, రెండవ ఇండెక్సులో ఆస్తుల వివరములును ఉండును. ఈసీ (ఋణభార ధృవపత్రము) కొరకు దరఖాస్తు వచ్చినప్పుడు గుమాస్తాలు వెదకునది ఈ ఇండెక్సులనే గాని దస్తావేజుల నొక్కొక్కదానిని విప్పి చదువుట కాదు. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కార్డ్ అను పేర రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లను ప్రవేశపెట్టువరకు ఆ పని సంవత్సరముల వారీగా సంపుటములు తిరగవేయుచు చేతితోనే సాగెను. ఈ ఏర్పాటునందు మన ప్రశ్నకు మూలమైన సూత్రమొకటి యిమిడియున్నది: ఇండెక్సు పుట చినిగిన యెడల ఒకటవ పుస్తకమును చూచి మరల వ్రాసికొనవచ్చును, ఒకటవ పుస్తకమే నశించిన యెడల ఏ ఇండెక్సును దానిని తిరిగి తేజాలదు. కంప్యూటరు విషయమునను ఇది అక్షరాల నిజము. సూచిక ఎన్నిమార్లైనను పునర్నిర్మింప దగినది, పత్రములు అట్టివి కావు. కావున సూచికను బాగుచేయు ప్రయత్నములో పత్రములను అపాయమునకు గురిచేయు చికిత్స యెంత శీఘ్రఫలదాయకముగా కనబడినను అది చికిత్స కాదు.

మైక్రోసాఫ్టు సంస్థ 1996లో తన సర్వరు యంత్రములకై ఇండెక్స్ సర్వర్ అను పేర ఇట్టి ఏర్పాటును వెలువరించెను. సామాన్యుని బల్లమీది యంత్రమునకు ఇది 2004 తరువాతనే చేరినది. ఆ సంవత్సరము అక్టోబరులో గూగుల్ డెస్క్‌టాప్ వచ్చెను, 2011లో విరమింపబడెను. 2005 ఏప్రిలులో ఆపిల్ సంస్థ స్పాట్‌లైట్‌ను, 2007 జనవరిలో మైక్రోసాఫ్టు విస్టాతో కూడ విండోస్ సెర్చ్‌ను ప్రజలకందించినవి. నేడు మన దుకాణములలోని యంత్రములలో చాలవరకు విండోస్‌వే గనుక దానినే ప్రధానముగా చూతము. సెర్చ్ ఇండెక్సర్ అను సేవ తెరవెనుక నిరంతరము మేల్కొనియుండి, నిర్దేశించిన ఫోల్డర్లలో క్రొత్తగా చేరినదియు మారినదియునగు ప్రతి ఫైలును కనిపెట్టి, దాని రకమునకు తగిన ఫిల్టరు ద్వారా లోని మాటలను పైకి తీసి, ఒక పెద్ద దత్తాంశ నిధిలో చేర్చుచుండును. విండోస్ 10 వరకు ఆ నిధి పేరు విండోస్ డాట్ ఈడీబీ. విండోస్ 11లో దాని స్వరూపమును పేరును కూడ మారినవి. ఈడీబీని వెదకి తొలగింపుడని చెప్పు పాత సలహా క్రొత్త యంత్రములో ఆ ఫైలే కనబడక మనుష్యుని అయోమయమున ముంచుటకు ఇదియే హేతువు.

మాంద్యమని ప్రజలు చెప్పునది నిజమునకు మూడు వేర్వేరు అవస్థలు. వీనిని వేరుచేయకుండ మందు వెదకుటచేతనే చాలవరకు చిక్కు కలుగుచున్నది. సూచిక తయారగుటయే ఆలస్యమగుట మొదటిది. సూచిక తయారగుచుండగా తక్కిన యంత్రమంతయు నత్తనడక నడచుట రెండవది. సూచికతో నిమిత్తము లేకయే వెదకులాట ఆలస్యమగుట మూడవది.

ఈ మూడవదానినే ముందుగా చెప్పెదను, ఏలయన మన ప్రాంతమున ఇదియే అధికముగా కానవచ్చుచున్నది. దుకాణదారుడు యంత్రమును కొన్నప్పుడు అమ్మినవారు హార్డ్ డిస్కును సీ, డీ, ఈ అని మూడు భాగములుగా పంచి, "సీలో ఏమియు దాచవద్దు, విండోస్ మరల వేయవలసివచ్చిన పోవును, డీలో పెట్టుకొనుడు" అని చెప్పి పోయెదరు. సలహా మంచిదే. కాని విండోస్ సెర్చ్ తనంతట తాను సూచిక కట్టునది సీ డ్రైవులోని డాక్యుమెంట్లు, డెస్క్‌టాపు మొదలగు వానికి మాత్రమే; డీ డ్రైవును చేర్చుమని మనము చెప్పనిదే అది దానివైపు తొంగిచూడదు. అట్టి డ్రైవులో వెదకునప్పుడు యంత్రము ప్రతి ఫోల్డరును అప్పటికప్పుడు తెరచి చూడవలసివచ్చును. నిమిషమునకు 5400 మార్లో 7200 మార్లో తిరుగు పళ్లెము మీద ముల్లు ఒకచోటినుండి మరియొకచోటికి చేరుటకు సుమారు పది మిల్లీసెకండ్లు పట్టును. వేలకొలది ఫైళ్లకు ఈ ప్రయాణము జరుగవలసియున్నప్పుడు పచ్చని గీత నిలిచిపోవుటలో వింత లేదు. ఇక్కడ లోపించినది సూచిక; చెడిపోయినది ఏదియు లేదు. కంట్రోల్ ప్యానెలులోని ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరచి, మోడిఫై అను మీట నొక్కి, డీ డ్రైవులోని దస్తావేజుల ఫోల్డరు నెదుట గుర్తు పెట్టి, ఆ రాత్రి యంత్రమును నడువనిచ్చిన చాలును. ఇంత స్వల్పమైన కార్యమునకై రిజిస్ట్రీని శుభ్రపరచు సాఫ్ట్‌వేర్లను దింపుకొన్నవారిని చూచినప్పుడు నాకు నిజముగా బాధ కలుగును.

మొదటి అవస్థ, అనగా సూచిక తయారగుటలో జాప్యము, పలుమార్లు రోగమే కాదు. క్రొత్త యంత్రములో గాని, సూచికను తుడిచి మరల కట్టుమన్నప్పుడు గాని, కొన్ని గంటలు పట్టుట సహజము. మనము కీబోర్డు మీద పనిచేయుచున్నంతసేపు ఇండెక్సరు బుద్ధిపూర్వకముగా తన వేగమును తగ్గించుకొనును; ఇండెక్సింగ్ ఆప్షన్స్ పలకమీద ఆ సంగతి యొక వాక్యముగా కనబడుచునే యుండును. 2020 మే నాటి విండోస్ 10 కూర్పు మొదలు, డిస్కుమీద ఒత్తిడి హెచ్చుగా ఉన్న తరుణమును తానే గుర్తించి వెనుదీయునట్లు దానిని మరింత మెరుగుపరచిరి. కావున పగలంతయు పనిచేసి, సాయంత్రము యంత్రము నార్పి యింటికి పోవు దుకాణములో సూచిక వారములు గడచినను పూర్తికాకపోవుటలో ఆశ్చర్యము లేదు. దానికి విశ్రాంత సమయము ఎన్నడును దొరకలేదు. విద్యుత్తు పోయి యంత్రము హఠాత్తుగా ఆరుట యీ యాలస్యమునకు తోడగును. వ్రాయుచుండగా నిలిచిపోయిన దత్తాంశ నిధి దెబ్బతినవచ్చును, అప్పుడు ఆ పని మొదటినుండి ఆరంభమగును. వేసవిలో కరెంటు కోతలు కొత్తగాని మన ఊళ్లలో యూపీఎస్ బ్యాటరీకి పెట్టు వ్యయము ఏ సాఫ్ట్‌వేరుకు పెట్టు వ్యయముకన్నను సార్థకమని నా నిశ్చితాభిప్రాయము.

పరిమాణమును గూర్చి మైక్రోసాఫ్టువారే కొన్ని అంకెలు చెప్పియున్నారు. సాధారణ వినియోగదారుని సూచికలో ముప్పదివేలకు లోపు అంశములుండును. విశేషముగా పనిచేయువారికి మూడు లక్షల వరకు ఉండవచ్చును. నాలుగు లక్షలు దాటినప్పుడు మాంద్యము కానరావచ్చును. పది లక్షలు దాని పరమావధి. సెట్టింగులలో "సెర్చింగ్ విండోస్" అను పలకను తెరచినచో చేరిన అంశములెన్ని, మిగిలియున్నవెన్ని అను రెండంకెలు ప్రత్యక్షముగా కనబడును. వైద్యుడు నాడి పట్టి చూచునట్లు ఈ రెండంకెలను అరగంట వ్యవధిలో రెండుమార్లు చూచుట నిదానమునకు ప్రథమ సోపానము. మిగిలిన అంకె తగ్గుచున్నదా, పని జరుగుచున్నదని యూరకుండవలెను. రెండుమార్లును అదే యంకె యున్నదా, ఏదో యొక ఫైలు వద్ద అది ఆగిపోయినదని అనుమానింపవలెను. పెరుగుచున్నదా, ఎవ్వరో ఎక్కడనో ఫైళ్లను పుట్టించుచున్నారని గ్రహింపవలెను: ప్రతి పెన్‌డ్రైవునందలి సరకును "బ్యాకప్", "బ్యాకప్ కొత్తది", "బ్యాకప్ చివరిది" అని మరల మరల నకలు వేసిన యంత్రములలో ఇట్లగును.

రెండవ అవస్థకు, యంత్రమంతయు నత్తనడక నడచుటకు, ప్రధాన నిందితుడు ఇండెక్సరు కాదు. వృద్ధమైన హార్డ్ డిస్కు. టాస్క్ మేనేజరులో డిస్కు నెదుట నూరు శాతము కనబడగానే అక్కడనే సెర్చ్ ఇండెక్సర్ పేరు కూడ కనబడుటచే నేర మంతయు దానిపై మోపుదురు. యాంటీవైరస్ అదే సమయమున ప్రతి ఫైలును పరీక్షించుచుండవచ్చును. ఇండెక్సరు ఒక ఫైలును తెరచిన ప్రతిసారియు అదియు తెరచి చూచును. వందలకొలది పుటలు గల పీడీఎఫ్‌లు, సంవత్సరములుగా పేరుకొన్న అవుట్‌లుక్ ఉత్తరముల నిధులు దీనికి తోడుపడును. అన్నిటికంటె గంభీరమైన సంభావ్యత మరియొకటి కలదు: డిస్కులో కొన్ని స్థలములు పాడై, వానిని చదువలేక యంత్రము మరల మరల ప్రయత్నించుచు స్తంభించుట. బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతములలో నాపరాతి పాలిషింగు యూనిట్ల ప్రక్కన నడచు దుకాణములకు ఆ సన్నని రాతిధూళి శత్రువు. అది ఫ్యానులను మూసివేసి యంత్రమును వేడెక్కించును, ఎండాకాలమున ఆ వేడి ఇబ్బడియగును. డిస్కు పాడగుచున్నదను అనుమానము రవ్వంతయున్నను సూచికను మరల కట్టింపరాదు, డిస్కును సరిచూచు చెక్‌డిస్కు అను సాధనమును నడపరాదు. ఈ రెండును కొనయూపిరితోనున్న డిస్కును తుదముట్ట శ్రమపెట్టునవే. మొట్టమొదట పత్రములను వేరొక డిస్కునకు నకలు తీయవలెను; తక్కిన ఆలోచనలన్నియు దాని తరువాతనే.

ఇక చికిత్సలను గూర్చిన మతభేదములు. సూచికా సేవను పూర్తిగా నిలిపివేయవలెననునది ఒక మతము. ఫైళ్లు కొద్దిగా నున్నవారికి, తమ ఫోల్డర్ల వ్యవస్థ కంఠస్థమైనవారికి అది సరిపోవచ్చును గాని, దినమంతయు వెదకులాటతోనే బ్రదుకు లేఖరికి అది ఆత్మహత్యా సదృశము. సూచికను తుడిచి పునర్నిర్మింపవలెననునది రెండవ మతము. నిజముగా సూచిక దెబ్బతిన్నప్పుడు ఇది సరియైనదియు నిరపాయమైనదియును. అడ్వాన్స్‌డ్ అను పలకలోని రీబిల్డ్ మీట ఈ పని చేయును, పత్రములను తాకదు. కాని డిస్కు మందగించినందుననో, ఫైళ్లు మితిమీరినందుననో కలిగిన మాంద్యమునకు పదేపదే పునర్నిర్మించుట ఫలితమియ్యక పోవుటే కాక, పూర్తి కావచ్చిన పనిని మొదటికి తెచ్చును. పరిధిని కుదింపవలెననునది మూడవ మతము. నేను దీని పక్షమువాడను. ఫోటోలు, సినిమాలు, పాటలు, పాత బ్యాకప్పులు సూచికలో నుండనక్కరలేదు. దస్తావేజులు, అర్జీలు, లెక్కలు ఉన్న చాలును. "ఎవ్రీథింగ్" అను ఉచిత సాఫ్ట్‌వేరును వాడవలెననునది నాలుగవ మతము. అది డిస్కునందలి ఫైళ్ల పట్టికనే నేరుగా చదువును గనుక పేర్లను కన్నుమూసి తెరచునంతలో చూపును, కాని సాధారణముగా ఫైలు లోపలి మాటలను వెదకదు. పాత హార్డ్ డిస్కును తీసి ఎస్సెస్డీ వేయించుట అయిదవది. ధనము గలవారికి దీనికి సమానమైన మందు వేరొకటి లేదు, అది కొన్నివేల రూపాయల పని.

తెలుగువారు ప్రత్యేకముగా గమనింపదగిన విషయమొకటి ఈ మతములన్నిటిలోను విస్మృతమైనది. మన డి.టి.పి. దుకాణములలో ఇప్పటికిని "అను" అనబడు పాత లిపులతో పేజ్‌మేకరులో కూర్చిన పత్రములు అసంఖ్యాకముగా నున్నవి. తెరమీద అవి చక్కని తెలుగు. యంత్రము లోపల అవి రోమను అక్షరముల, చిహ్నముల గుంపు. అక్షరముల రూపము లిపిఫైలు వలన తెలుగుగా తోచుచున్నదే కాని, అక్కడ దాచబడినది తెలుగు కాదు. తెలుగునకు యూనికోడులో 1991లోనే 128 స్థానములతో ఒక ఖండము కేటాయింపబడినది. విండోస్ ఎక్స్‌పీ కాలము నుండి గౌతమి లిపితో అది బల్లమీది యంత్రములకు వచ్చినది. అయినను అలవాటు బలముచేతను, అచ్చు యంత్రములకు అనుకూలముగా నుండుట చేతను పాత లిపులే కొనసాగినవి. అట్టి పత్రములో "యాగంటి" అని యూనికోడున కొట్టి వెదకిన వానికి ఫలితము శూన్యము. అతడు సూచిక చెడినదని తలచి చికిత్సలకు దిగును. ఏ చికిత్సయు దీనిని బాగుచేయలేదు. పత్రమును యూనికోడునకు మార్చుట యొక్కటే తరణోపాయము.

యూనికోడున నున్న పత్రములందును చిక్కులు లేకపోలేదు. "సాఫ్ట్‌వేర్" అను మాటలో టకారమునకు వకారము వత్తుగా దిగకుండ నిలుపుటకు కనబడని యక్షరమొకటి చేర్చువారు కొందరు, చేర్చనివారు కొందరు. కంటికి ఒకటిగా తోచు రెండు మాటలు యంత్రమునకు రెండు. "భూమి" అని వెదకిన "భూములు" దొరకకపోవచ్చును. మన ఊరి పేరునే బనగానపల్లె, బనగానపల్లి, బనగానిపల్లె అని మూడు విధముల వ్రాయువారున్నారు. ఆంగ్లాక్షరములలో ఇంకను భిన్నరూపములున్నవి. స్కానరుతో తీసిన పాత దస్తావేజులైతే యంత్రము దృష్టిలో కేవలము చిత్రములు. వానిలోని ఒక్క మాటయు సూచికకెక్కదు. ఫలితము రాకపోవుటను మాంద్యముగా భ్రమించు ప్రతివారును ముందుగా ఈ పరీక్ష చేసికొనవలెను: తాము ఇప్పుడే క్రొత్తగా యూనికోడున కొట్టి డాక్యుమెంట్లలో భద్రపరచిన ఒక ఫైలు కొద్ది నిమిషములలో దొరకుచున్నదా? దొరకినచో సూచిక ఆరోగ్యముగా నున్నది, లోపము పాత పత్రముల స్వరూపమునందున్నది.

అంతర్జాలమున చికిత్సలు చెప్పువారందరును దుష్టులని నా అభిప్రాయము కాదు; మైక్రోసాఫ్టువారి సహాయ పుటలును, అనుభవజ్ఞులు నిష్కామముగా వ్రాసినవియు ఎన్నో యున్నవి. కాని మంచి సలహాకును కాలపరిమితి యున్నది, కూర్పు పరిమితి యున్నది. రిజిస్ట్రీలో ఒక యంకెను సున్న చేయుమని, ఒక సేవను ఆపి ఒక ఫోల్డరును ఖాళీ చేయుమని చెప్పు సలహా విండోస్ 7 నాటి యంత్రములో ఫలించియుండవచ్చును. ఆ యాదేశమును ఫోనులో చూచి కొట్టుచు, దారిపేరులో ఒక్క ఖాళీ యెడము ఎక్కువైనచో, తొలగింపు ఆదేశము వేరొక ఫోల్డరుమీద పడవచ్చును. తొలగించు ఆదేశము దేనినైనను అర్థము చేసికొనకుండ అతికింపరాదు.

రిజిస్ట్రీ క్లీనర్లు, పీసీ బూస్టర్లు అను పేళ్లతో వచ్చు సాఫ్ట్‌వేర్ల చరిత్ర మరింత కలుషితము. రిజిస్ట్రీని శుభ్రపరచు సాధనముల వాడుకను మైక్రోసాఫ్టు సమర్థింపదు. భయపెట్టు సందేశములతో డబ్బు గుంజు శుభ్రపరచు సాఫ్ట్‌వేర్లను 2018 మార్చి నుండి విండోస్ డిఫెండరు తొలగించునని కూడ ప్రకటించెను. అమెరికాలో ఆఫీస్ డిపో అను పెద్ద అంగళ్ల సంస్థ, ఉచిత పరీక్ష యని చెప్పి లేని దోషములు చూపి మరమ్మతులు అమ్మినదన్న ఆరోపణపై, తన తోడి సంస్థతో కలసి 2019లో మూడున్నర కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అను సంస్థలు ఇట్టి యభియోగముపైననే రెండుకోట్ల అరువది లక్షల డాలర్లు చెల్లింపవలసివచ్చెను. మంచి పేరున్న సాధనమును నమ్మినను నిశ్చింత లేదు: 2017లో సీక్లీనర్ యొక్క ఒక కూర్పులో దుండగులు తమ విషమును ముందే కలుపగా, ఆ సంస్థ తన స్వంత సర్వరునుండియే ఇరువది రెండు లక్షలకు పైగా యంత్రములకు దానిని పంపిణీ చేసెను.

ఇటీవలి మోసపు పద్ధతి మరింత కుటిలమైనది. ఏదో యొక పుటలో "మీరు మనుష్యులని నిరూపించుకొనుడు" అనియో, "ఈ లోపమును సరిచేసికొనుడు" అనియో కనబడును. విండోస్ మీటతో ఆర్ అక్షరమును, తరువాత కంట్రోలుతో వీ అక్షరమును, ఆపై ఎంటరును నొక్కుమని చెప్పును. మనము చూడకముందే ఆ పుట మన క్లిప్‌బోర్డులో ఒక యాదేశమును దాచియుండును. మూడు మీటలతో మన చేతనే అది నడపించి, బ్రౌజరులోని పాస్‌వర్డులను దోచుకొనును. 2024 నుండి ప్రబలిన ఈ మోసమునకు క్లిక్‌ఫిక్స్ అని పేరు. యాంటీవైరస్ దీనిని పట్టుకొనక పోవచ్చును, ఏలయన ఆదేశమిచ్చినది యజమానియే.

దూరమునుండి యంత్రమును చేతబుచ్చుకొను ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి తమంతట తాము మంచి సాధనములే. తెలియని వాని చేతికి తాళమిచ్చుట అపాయము. మైక్రోసాఫ్టు, అమెజాన్ సంస్థల పేరు చెప్పి విదేశీయులను వంచించు నకిలీ సహాయ కేంద్రములపై సీబీఐ 2023 అక్టోబరులో ఆపరేషన్ చక్ర-2 పేర దేశములో 76 చోట్ల సోదాలు జరిపినది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు ఉచిత రక్షణ నవీకరణలు నిలిచిపోయినవి. పాత యంత్రముల యజమానులలో కలిగిన కలవరము ఇట్టి వంచకులకు సుభిక్షకాలము కాగలదు.

మన లేఖరి యంత్రమును మరల తలచుకొందము. అందులో అతని ఆస్తి యేమియు లేదు. ఉన్నవి ఊరి రైతుల పేర్లు, తండ్రుల పేర్లు, సర్వే నెంబర్లు, ఆధారు నకళ్లు, వ్రేలిముద్రల ప్రతులు. వెదకులాట అయిదు నిమిషములు త్వరగా జరుగుటకై వీనినన్నిటిని అపరిచితుని చేత నుంచుట అతనికి హక్కు లేని పని. ఒకవేళ మోసము జరిగియేపోయిన యెడల ఆలస్యము చేయక అంతర్జాలము తీగను పెరికి, వేరొక ఫోనునుండి 1930 నెంబరునకు తెలియపరచి, పాస్‌వర్డులను వేరొక యంత్రమునుండి మార్చుకొనవలెను.

దుకాణములలో అనుసరింప దగిన పని క్రమము పెద్దది కాదు. పత్రములకు రెండవ ప్రతి బయటి డిస్కులో నుండవలెను, దానిని పని ముగిసిన తరువాత యంత్రమునుండి విడదీసి పెట్టవలెను. సూచికలో పనికివచ్చు ఫోల్డర్లు మాత్రమే చేర్చి, వారమున కొక రాత్రి యంత్రమును ఆర్పక విడువవలెను. "అను" లిపుల పత్రములను తీరిక దొరకినప్పుడెల్ల యూనికోడునకు మార్చుకొనుచు పోవలెను. అన్నియు ఒక్కసారి కావు, ఎవరు వచ్చి ఏ పత్రమును అడిగిన దానిని అప్పుడే మార్చి పెట్టుకొన్నచో కొన్ని యేండ్లలో ముఖ్యమైనవన్నియు మారిపోవును. స్కాను చేసిన దస్తావేజుల లోపలి మాటలు సూచికకు అందవు గాని వాని పేర్లు అందును. కావున ఫైలునకు "స్కాన్ 0047" అని యంత్రమిచ్చిన పేరును విడువక, గ్రామము, సర్వే నెంబరు, కొన్నవాని పేరు, సంవత్సరము అను నాలుగును ఆ క్రమముననే యూనికోడు తెలుగులో పేరుగా పెట్టవలెను. గ్రామనామమును ఎప్పుడును ఒకే వర్ణక్రమములో వ్రాయవలెను, ఆ వర్ణక్రమముల పట్టికను కాగితముమీద వ్రాసి కంప్యూటరు ప్రక్క గోడకు అంటింపవలెను, క్రొత్తగా చేరిన కుఱ్ఱవాడును దానినే చూచి కొట్టవలెను.